కొలను నీరు ఎందుకు పచ్చబడుతుంది? తేటపరచడం ఎలా?

ఇంటి ఆవరణలో చిన్న కొలను కట్టుకోవడం ఇప్పుడు నగరాల్లోనూ కనిపిస్తోంది. సిమెంటు తొట్టె అయినా, గుంత తవ్వి ప్లాస్టిక్ పట్టా పరిచినదైనా, అందులో రెండు కలువ దుంపలు నాటి పది రంగు చేపలు వదిలితే మొదటి వారం చూడముచ్చటగా ఉంటుంది. మూడో వారానికల్లా నీరు పచ్చబడుతుంది. అడుగు కనిపించదు, చేపలు కనిపించవు, గోడలకు పాకుడు పడుతుంది. అప్పుడు చాలామంది చేసే పనులు రెండే. నీళ్లన్నీ తోడేసి, కడిగి, కొత్త నీళ్లు పట్టడం ఒకటి. ఏదో ఒక మందు తెచ్చి కలపడం రెండోది. ఏది చేసినా నీరు తేటబడుతుంది. కొద్ది రోజులకు మళ్లీ పచ్చబడుతుంది. కొన్నిసార్లు ఈలోగా చేపలు చచ్చి తేలుతాయి.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే కొలను జమాఖర్చు చూడాలి. అందులోకి ఏం వెళ్తోంది, అందులోంచి ఏం బయటకు వస్తోంది అన్నదే ఆ లెక్క. అది అర్థమైతే ఏ పద్ధతి పనిచేస్తుందో, ఏది పనిచేయదో ఎవరికి వారే చెప్పుకోవచ్చు.

పచ్చదనంలో మూడు రకాలు

వాడుకలో నాచు, పాచి అని పిలిచే వాటిని శాస్త్ర పరిభాషలో శైవలాలు అంటారు. వీటికి వేరు, కాండం, ఆకు ఉండవు. సూర్యకాంతితో కిరణజన్య సంయోగక్రియ జరిపి తమ ఆహారాన్ని తామే తయారు చేసుకుంటాయి. తోట కొలనులో ఇవి ముఖ్యంగా మూడు రూపాల్లో కనిపిస్తాయి.

మొదటిది, నీటిలో కలిసి తేలియాడే సూక్ష్మ శైవలాలు. క్లోరెల్లా, సెనెడెస్మస్ వంటివి ఈ కోవకు చెందుతాయి. గాజు గ్లాసులో నీరు పట్టి వెలుతురుకు ఎదురుగా పెడితే నీరంతా ఒకే తీరున పచ్చగా కనిపిస్తుంది. ఒక్కో కణం కంటికి ఆనదు, మామూలు గుడ్డతో వడకట్టినా దిగదు.

రెండోది, పోగుల నాచు. స్పైరోగైరా, క్లాడోఫోరా వంటివి జుట్టులా పొడవుగా పెరిగి మొక్కల కాడలకు, రాళ్లకు చుట్టుకుంటాయి. కర్ర పెట్టి తిప్పితే దానికి చుట్టుకుని బయటకు వస్తాయి. ఈ నాచు ఉన్నప్పుడు నీరు తేటగానే ఉండవచ్చు.

మూడోది, నీలి ఆకుపచ్చ శైవలాలు. పేరులో శైవలం ఉన్నా ఇవి నిజానికి సయనోబ్యాక్టీరియా అనే బ్యాక్టీరియాలు. మైక్రోసిస్టిస్ వంటివి పెరిగినప్పుడు నీటిపై పచ్చ రంగు ఒలికినట్టు తెట్టు కడుతుంది, గాలి వాటున ఒక మూలకు చేరుతుంది, మట్టి వాసన లేదా కుళ్లు వాసన వేస్తుంది. కర్ర ముంచితే చుట్టుకోదు, రంగులా అంటుకుంటుంది. వీటిలో కొన్ని విషాలను తయారు చేస్తాయి. దక్షిణ ఆస్ట్రేలియాలోని అలెగ్జాండ్రినా సరస్సులో ఇలాంటి తెట్టు ఉన్న నీరు తాగి పశువులు చనిపోయాయని జార్జ్ ఫ్రాన్సిస్ 1878లోనే ‘నేచర్’ పత్రికలో రాశాడు. అందువల్ల మూడో రకం అని అనుమానం వస్తే పిల్లలను, పెంపుడు జంతువులను ఆ నీటికి దూరంగా ఉంచాలి. చేతికి తొడుగు లేకుండా అందులో పని చేయకూడదు.

ఒక చిన్న లెక్క

శైవలాలకు కావలసినవి వెలుతురు, నీరు, కార్బన్ డయాక్సైడ్, నత్రజని, భాస్వరం, మరికొన్ని ఖనిజాలు. వీటిలో భాస్వరం అవసరం కార్బన్, నత్రజనిల కంటే చాలా తక్కువ, కాని మంచినీటిలో సాధారణంగా కొరతగా ఉండేది అదే. శైవల కణాల్లో సగటున ప్రతి 106 కార్బన్ పరమాణువులకు 16 నత్రజని పరమాణువులు, 1 భాస్వరం పరమాణువు ఉంటాయి. అమెరికా సముద్ర శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ రెడ్‌ఫీల్డ్ పేరు మీద దీన్ని రెడ్‌ఫీల్డ్ నిష్పత్తి అంటారు. దీన్ని బరువులోకి మార్చి చూస్తే ఒక గ్రాము భాస్వరంతో సుమారు 100 గ్రాముల ఎండు బరువు గల శైవలాలు పెరగగలవు.

ఇప్పుడు మన కొలను సంగతి చూద్దాం. పొడవు 4 మీటర్లు, వెడల్పు రెండున్నర మీటర్లు, లోతు 60 సెంటీమీటర్లు అనుకుంటే అందులో 6 ఘనపు మీటర్లు, అంటే 6,000 లీటర్ల నీరు పడుతుంది. చేపలకు రోజుకు 20 గ్రాముల మేత వేస్తున్నారనుకుందాం. చేపల మేతలో భాస్వరం సుమారు ఒక శాతం ఉంటుంది. అంటే రోజుకు 0.2 గ్రాములు, నెలకు 6 గ్రాములు. అందులో సగం చేపల ఒంటికి పట్టిందనుకున్నా మిగిలిన 3 గ్రాములు విసర్జన రూపంలోనూ, తినకుండా మిగిలిన మేత రూపంలోనూ నీటిలోనే ఉంటాయి. 6,000 లీటర్లలో 3 గ్రాములు అంటే లీటరుకు 0.5 మిల్లీగ్రాములు.

ఇది ఎంత పెద్ద మొత్తమో పోలిస్తే తెలుస్తుంది. సరస్సుల వర్గీకరణలో లీటరుకు సగటున 0.1 మిల్లీగ్రాము భాస్వరం దాటితే ఆ సరస్సును పోషకాలు మితిమీరినదిగా లెక్కిస్తారు. మన కొలను ఒక్క నెల మేతతోనే దానికి అయిదు రెట్లు చేరింది. ఆ 3 గ్రాములతో 300 గ్రాముల ఎండు బరువు గల శైవలాలు పెరగగలవు. 6,000 లీటర్లను చిక్కటి పచ్చగా మార్చడానికి అది చాలు. ఇక కొలనులో రాలిన ఆకులు, వాన నీటితో కొట్టుకొచ్చే పెరటి ఎరువు, కుండీలోంచి కారే పశువుల ఎరువు నీరు ఈ లెక్కలోకి ఇంకా రాలేదు.

భాస్వరం పాత్ర ఎంతటిదో కెనడాలోని ఒంటారియోలో ఒక ప్రయోగం కళ్లకు కట్టినట్టు చూపింది. 1973లో డేవిడ్ షిండ్లర్ బృందం 226వ నంబరు సరస్సును సన్నగా ఉన్న చోట తెర కట్టి రెండు భాగాలు చేసింది. రెండు భాగాల్లోనూ కార్బన్, నత్రజని పదార్థాలు కలిపారు. ఒక భాగంలో మాత్రం అదనంగా భాస్వరం కూడా కలిపారు. భాస్వరం కలిపిన సగం పచ్చబడింది, రెండో సగం తేటగానే ఉంది. ఆకాశం నుంచి తీసిన ఆ సరస్సు ఫొటో ఆ తర్వాత ఎన్నో పాఠ్యపుస్తకాలకు ఎక్కింది.

చంపితే ఏమవుతుంది?

ఈ లెక్క తెలిశాక మందుల సంగతి సులువుగా అర్థమవుతుంది. మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, శైవలాలను చంపుతుంది. కాని చచ్చిన శైవలం కొలనులోనే ఉంటుంది. అడుగుకు చేరి కుళ్లుతుంది. దానిలోని భాస్వరం మళ్లీ నీటిలో కరుగుతుంది. కొలను ఖాతాలో ఒక్క మిల్లీగ్రాము కూడా తగ్గలేదు. బతికి మిగిలిన కణాలకు అదే విందు.

ఎన్ని కణాలు మిగిలాయన్నది కూడా పెద్ద విషయం కాదు. అనుకూల పరిస్థితుల్లో చాలా సూక్ష్మ శైవలాలు రోజుకోసారి రెట్టింపు కాగలవు. నూటికి 99 కణాలను చంపి ఒక్కటే మిగిలిందనుకోండి. రోజుకో రెట్టింపు చొప్పున ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి, ఏడో రోజుకు 128 అవుతాయి. వారంలో మొదటికి వచ్చినట్టే.

పైగా రాగి చేపలకు, నత్తలకు, నీటిలోని చిన్న జీవులకు కూడా విషమే. మెత్తటి నీటిలో, క్షారత తక్కువగా ఉన్న నీటిలో దాని విషప్రభావం మరింత ఎక్కువ. వేసిన రాగి ఎక్కడికీ పోకుండా అడుగు బురదలో పేరుకుంటుంది. నీలి ఆకుపచ్చ రకంలో ఇంకో ప్రమాదం ఉంది. కణాలు పగిలినప్పుడు లోపలి విషం ఒక్కసారిగా నీటిలోకి విడుదలవుతుంది. బ్లీచింగ్ పౌడర్ సంగతి సరేసరి. అందులోని క్లోరిన్ చేపల మొప్పలను దెబ్బతీస్తుంది, వ్యర్థాలను శుద్ధి చేసే మేలు బ్యాక్టీరియాను కూడా తుడిచిపెడుతుంది.

మన ఇళ్లలో బురద నీటిని తేర్చడానికి పటిక తిప్పడం, చిల్లగింజ అరగదీసి కలపడం పాత అలవాటు. అవి నీటిలోని సన్నటి రేణువులను గుంపుగా చేర్చి అడుగుకు దించుతాయి. బిందెలో పైన తేరిన నీటిని వంపుకుని అడుగున ఉన్నదాన్ని పారబోస్తాం కాబట్టి అక్కడ పని పూర్తయినట్టే. కొలనులో అడుగున ఉన్నది అడుగునే ఉంటుంది. అదీకాక పటిక నీటి ఆమ్లత్వాన్ని పెంచుతుంది. క్షారత తక్కువైన నీటిలో కరిగిన అల్యూమినియం చేపలను చంపగలదు. కాబట్టి చేపలున్న కొలనులో చేతికొచ్చినంత పటిక వేయకూడదు.

తెల్లవారుజామున చేపలు ఎందుకు చస్తాయి?

పగలు శైవలాలు ఆక్సిజన్ విడుదల చేస్తాయి. రాత్రి కిరణజన్య సంయోగక్రియ ఉండదు, శ్వాసక్రియ మాత్రం ఆగదు. శైవలాలు, చేపలు, అడుగున కుళ్లబెట్టే బ్యాక్టీరియా అన్నీ కలిసి ఉన్న ఆక్సిజన్‌ను వాడుకుంటాయి. అందువల్ల పచ్చటి కొలనులో ఆక్సిజన్ సాయంత్రం బాగా ఎక్కువగా, తెల్లవారుజామున బాగా తక్కువగా ఉంటుంది. ఎండాకాలంలో ఈ ఇబ్బంది పెరుగుతుంది, ఎందుకంటే వెచ్చని నీటిలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు మంచినీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 30 డిగ్రీల వద్ద ఏడున్నర మిల్లీగ్రాములే కరుగుతుంది.

కృష్ణా, పశ్చిమ గోదావరి ప్రాంతాల చేపల రైతులకు ఇది కొత్త విషయం కాదు. చేపలకు సహజ ఆహారం అందాలని చెరువు నీటిని వారు కావాలనే లేత పచ్చగా ఉంచుతారు. పచ్చదనం హద్దు దాటినప్పుడు, మబ్బు పట్టిన రోజుల్లో, తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే వెంటనే ఏరేటర్లు నడుపుతారు. ఇంటి కొలనులోనూ ఆ సమయంలో చేపలు అలా చేస్తుంటే ఆక్సిజన్ అందడం లేదని అర్థం. మందు వేసి శైవలాలన్నింటినీ ఒకేసారి చంపితే పగటి ఆక్సిజన్ ఆగిపోతుంది, కుళ్లడానికి పట్టే ఆక్సిజన్ పెరుగుతుంది. నీరు తేటబడిన మర్నాడే చేపలు చనిపోవడానికి ఇదే కారణం.

ఇంకొక ముప్పు పీహెచ్ వల్ల వస్తుంది. పగటిపూట శైవలాలు నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌ను లాగేయడంతో మధ్యాహ్నానికి పీహెచ్ 9 దాటవచ్చు. చేపల విసర్జనలోని అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది, వాటిలో విషపూరితమైన రూపం పీహెచ్‌తో పాటు పెరుగుతుంది. 25 డిగ్రీల వద్ద, పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో ఆ రూపం అర శాతం దాకా ఉంటుంది. పీహెచ్ 9 అయితే మూడో వంతు దాటుతుంది.

ఏం చేయాలి? వరుస క్రమం

ప్రతి పనికీ ముందు ఒకే ప్రశ్న వేసుకోవాలి: దీనివల్ల పోషకం కొలనులోకి రావడం తగ్గుతుందా, లేదా కొలను నుంచి బయటకు పోతుందా?

మొదట రాకను తగ్గించండి. మేత రెండు మూడు నిమిషాల్లో చేపలు పూర్తిగా తినేసేంత మాత్రమే వేయాలి. మిగిలితే వలతో తీసేయాలి. చేపల సంఖ్య ఎక్కువైతే కొన్నిటిని వేరే వారికి ఇవ్వాలి. గట్టు చుట్టూ నాలుగు వేళ్ల ఎత్తు కట్ట ఉంటే పెరటి ఎరువు వాన నీటితో లోపలికి దిగదు. పైన చెట్టు ఉంటే ఆకు రాలే కాలంలో వల కప్పాలి. కలువ, తామర కుండీల్లో ఎరువును మట్టి లోపలికి కూరాలి, పైన చల్లకూడదు.

తర్వాత ఉన్నదాన్ని బయటకు తీయండి. పోగుల నాచును కర్రకు చుట్టి వారానికి రెండుసార్లు తీయాలి. గట్టున పడేస్తే దాని రసం మళ్లీ లోపలికే కారుతుంది. కాసేపు ఆరబెట్టి, దానిలో చిక్కుకున్న నత్తలు, చేప పిల్లలు నీటిలోకి జారాక, కంపోస్టు గుంతకు చేర్చాలి. అడుగు బురదను గొట్టంతో సైఫన్ చేసి మొక్కలకు పోయాలి. అంతా ఒకేరోజు కాకుండా వారానికి పావు వంతు చొప్పున చేస్తే నీరు అల్లకల్లోలం కాదు.

వారానికోసారి పది శాతం నీరు మార్చవచ్చు. మున్సిపల్ నీరయితే వెడల్పాటి తొట్టెలో ఒక రోజు ఆరుబయట ఉంచితే క్లోరిన్ ఎగిరిపోతుంది. మొత్తం నీరు తోడేసి కడగడం మాత్రం మంచిది కాదు. గోడలనూ రాళ్లనూ పట్టుకుని ఉండే మేలు బ్యాక్టీరియా పోతుంది, కొలను మళ్లీ మొదటి వారం స్థితికి వెళ్తుంది. కొత్తగా కట్టిన కొలను మొదటి నెలా రెండు నెలల్లో పచ్చబడటం సహజం. మొక్కలు నిలదొక్కుకునే దాకా ఓపిక పట్టాలి.

శైవలాలకు పోటీ పెట్టండి. కలువ, తామర ఆకులు నీటిపై సగం నుంచి మూడింట రెండు వంతుల దాకా పరుచుకుంటే కిందికి వెలుతురు తగ్గుతుంది. నీటి లోపల పెరిగే వాలిస్నేరియా, హైడ్రిల్లా వంటివి పోషకాలను నేరుగా లాక్కుంటాయి. రైతులు పశువుల మేతకు పెంచే అజొల్లా ఇక్కడ బాగా పనికొస్తుంది. అది తన ఆకుల్లో నివసించే అనబీనా అనే సయనోబ్యాక్టీరియా సాయంతో నత్రజనిని గాలి నుంచి పొందుతుంది, భాస్వరాన్ని మాత్రం నీటి నుంచే తీసుకోవాలి. వేగంగా పెరుగుతుంది కాబట్టి నాలుగైదు రోజులకోసారి సగం తీసి కుండీలకు ఎరువుగా వేస్తే భాస్వరం కొలను దాటిపోతుంది. తీయకుండా వదిలేస్తే నీటి పైభాగమంతా కప్పేసి ఆక్సిజన్‌ను అడ్డుకుంటుంది. గుర్రపు డెక్క కూడా పోషకాలను లాగుతుంది, కాని అది ఒకసారి చెరువులోకో కాలువలోకో చేరితే అదుపు చేయడం కష్టం, కాబట్టి ఇంటి కొలనులో పెంచకపోవడమే మేలు.

తర్వాతే యంత్రాలు. ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. చేపలకు ఇది ప్రాణరక్షణే, కాని నైట్రేట్ మళ్లీ శైవలాలకు ఎరువే. ఫిల్టర్‌లో చిక్కిన మురికిని కడిగి కొలను బయట పోసినప్పుడే పోషకం తగ్గుతుంది. స్పాంజిని కుళాయి నీటితో కాకుండా కొలను నీటితో కడిగితే అందులోని బ్యాక్టీరియా బతుకుతుంది. అతినీలలోహిత దీపం, అంటే యూవీ యూనిట్, తేలియాడే శైవలాలపై బాగా పనిచేస్తుంది. పంపు తోసిన నీరు 254 నానోమీటర్ల కాంతి ముందుగా వెళ్తున్నప్పుడు కణాలు దెబ్బతిని ముద్దలుగా చేరతాయి, వాటిని ఫిల్టర్ పడుతుంది. పోగుల నాచు పంపులోకి రాదు కనుక దానిపై ఈ దీపం ప్రభావం ఉండదు. వెలుగుతున్న దీపాన్ని కంటితో చూడకూడదు.

బ్రిటన్‌లో బార్లీ గడ్డి మూటను నీటిలో వేలాడదీసే పద్ధతి ఉంది. అది ఉన్న శైవలాలను చంపదు, కుళ్లుతున్న కొద్దీ కొత్తవి పెరగకుండా కొంత ఆపుతుంది, అదీ అన్ని చోట్లా ఒకేలా పనిచేయదు. దీన్ని చూసి మన దగ్గర వరిగడ్డి మోపులు వేస్తే ఎండాకాలంలో కుళ్లి ఆక్సిజన్ తినేసే ప్రమాదమే ఎక్కువ.

దోమలు, చేపలు, నీటి ఈగలు

నీటి ఈగ అని పిలిచే డాఫ్నియా కంటికి చుక్కలా కనిపించే చిన్న జీవి. ఇది తేలియాడే శైవలాలను వడకట్టి తింటుంది. దోమల పిల్లలను తింటాయని వదిలే గప్పీ, గంబూసియా చేపలు ఈ డాఫ్నియాను కూడా తినేస్తాయి. నిల్వ నీటిలో దోమలను ఆపక తప్పదు కాబట్టి చేపలు ఉండాలి. అయితే కొలనులో మొక్కలు దట్టంగా ఉన్న ఒక మూలను రాళ్లతోనో జాలీతోనో చేపలకు అందకుండా వేరు చేస్తే డాఫ్నియాకు చోటు దొరుకుతుంది. గప్పీలు, గంబూసియా అమెరికా ఖండాల నుంచి వచ్చినవి. వాటిని వాగుల్లో, చెరువుల్లో వదలకూడదు.

పోషకం, మేత జీవి రెండూ కలిసి ఎంత మార్పు తేగలవో అమెరికాలోని సియాటెల్ పక్కనున్న వాషింగ్టన్ సరస్సు చెబుతుంది. శుద్ధి చేసిన మురుగు నీరు చేరడంతో అది శైవలాలతో నిండింది. 1960ల మొదట్లో నీటిలోకి చూపు ఒక మీటరుకు మించి పోయేది కాదు. 1963 నుంచి 1968 వరకు మురుగు నీటిని దశలవారీగా వేరే దారికి మళ్లించారు. కొద్ది సంవత్సరాల్లోనే నీరు తేటబడింది. 1976 తర్వాత డాఫ్నియా పెద్ద సంఖ్యలో పెరిగి నీరు ఇంకా తేరుకుంది. ఈ మార్పునంతా డబ్ల్యూ. టి. ఎడ్మండ్‌సన్ దశాబ్దాల పాటు కొలిచి నమోదు చేశారు. ఆ సరస్సును బాగు చేసింది పోషకాల రాకను ఆపడమే. మన హుస్సేన్ సాగర్ మొదలు ఊరి చెరువుల దాకా మురుగు చేరి పచ్చబడే నీటికీ ఇదే సూత్రం వర్తిస్తుంది.

ఫలితాన్ని కొలవడం

నీరు తేటబడుతోందో లేదో కంటి అంచనాతో తేల్చలేం. 1865లో ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త ఆంజెలో సెక్కి సముద్రంలోకి తెల్లటి పళ్లెం దించి అది కనిపించకుండా పోయే లోతును కొలిచాడు. నేటికీ సరస్సులను అలాగే కొలుస్తారు. ఇంట్లో ఒక తెల్ల ప్లాస్టిక్ మూతను కర్ర చివర బిగించి, కర్రపై 5 సెంటీమీటర్లకో గీత గీస్తే చాలు. వారానికోసారి, అదే చోట, మధ్యాహ్నం ఒకే సమయానికి దించి చూసి తేదీతో పాటు రాసుకోండి. పక్కనే ఆ వారం వేసిన మేత, తీసిన నాచు కూడా రాయండి.

రాకను తగ్గించి, తీతను పెంచిన కొలనులో మార్పు మర్నాడే కనిపించదు. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి చూడాలి. అప్పటికీ మూత 20 సెంటీమీటర్ల లోపే మాయమవుతుంటే మేతను సగానికి తగ్గించి, అజొల్లా తీసే సంఖ్యను పెంచండి. ఆ మధ్యకాలంలో చేపలు తెల్లవారుజామున పైకి తేలుతుంటే రాత్రంతా గాలి పంపు లేదా చిన్న ఫౌంటెన్ నడపండి. మూత 40 సెంటీమీటర్ల దాకా కనిపిస్తుంటే నీటిలో కాస్త పచ్చదనం మిగిలినా చింత అక్కర్లేదు. ఆ కొద్దిపాటి శైవలం డాఫ్నియాకు మేత, డాఫ్నియా చేప పిల్లలకు మేత.